ఇన్‌ఛార్జి అయ్యాక మన గురించి మనకెవరూ చెప్పరు, చెప్పించుకోవాలి

చిత్తూరు దగ్గర మామిడి పల్ప్ ఫ్యాక్టరీలో ఆరేళ్లు లైన్ మీద పనిచేసి, ఈ ఏడాది షిఫ్ట్ ఇన్‌ఛార్జి అయ్యానని రాశారు. నిన్నటిదాకా ‘ఏంబా’ అన్నవాళ్లు ఇప్పుడు ‘సార్’ అంటున్నారు. మీరు టీ దగ్గరికి వెళ్తే మాటలు ఆగిపోతున్నాయి. ఇది చాలదన్నట్టు, ‘సెల్ఫ్ అవేర్‌నెస్ పెంచుకోవాలి, టీమ్‌తో సంబంధాలు మెరుగుపరచుకోవాలి’ అని జనరల్ మేనేజర్ (జీఎం) గారు అప్రైజల్ ఫారంలో రెండు ముక్కలు రాసి సంతకం పెట్టేశారు. ఏం చదవాలి, ఏ కోర్సు చెయ్యాలి అని మీ ప్రశ్న.

కోర్సు సంగతి తర్వాత. ఆ రెండు ముక్కలూ జీఎం గారు విడివిడిగా రాశారు గానీ నా లెక్కలో అవి ఒకటే పని. మీ గొంతు ఎప్పుడు లేస్తుందో, ఎవరి మాట మీరు వినరో, ఎవరిని చూస్తే మీ ముఖం మారుతుందో మీకు కనబడదు. మీ కింద పనిచేసేవాళ్లకు రోజూ కనబడుతుంది. వాళ్లు చెబితేనే మీకు తెలుస్తుంది, మీ దగ్గర చనువు ఉంటేనే వాళ్లు చెబుతారు. ఇన్‌ఛార్జి అయిన రోజు నుంచి ఆ చెప్పడం ఆగిపోతుంది. ఆగిపోయిన ఆ మాటను మళ్లీ మీ దాకా రప్పించుకోవడమే మీరు చెయ్యాల్సిన పని. గదిలో కూర్చుని ‘నేను ఎలాంటివాణ్ణి’ అని ఎంత ఆలోచించినా అది రాదు.

నేను ఈ చుట్టుపక్కల పల్ప్ ఫ్యాక్టరీల్లో చాలా సీజన్లు ప్రొడక్షన్ చూశాను, ఇప్పుడు కొత్త సూపర్‌వైజర్లకు పని నేర్పిస్తుంటాను. మీకు జరుగుతున్నది దాదాపు అందరికీ జరుగుతుంది. దీనిమీద పరిశోధన కూడా ఉంది. తాషా యూరిక్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త, తన బృందం దాదాపు 5,000 మందితో చేసిన అధ్యయనాల సారాంశాన్ని 2018లో రాశారు. ‘నా గురించి నాకు బాగా తెలుసు’ అని ఎక్కువమంది అనుకుంటారట. నిజంగా ఆ కొలతకు తూగినవాళ్లు మాత్రం 10 నుంచి 15 శాతమే. అనుభవం, అధికారం ఎక్కువున్నవాళ్లు తమను తాము ఎక్కువగా అంచనా వేసుకుంటారన్నది అందులో మనకు పనికొచ్చే ముక్క. ఎందుకంటే పైవాడికి ముఖం మీద నిజం చెప్పేవాళ్లు తగ్గిపోతారు.

మన వైపు ఈ సంగతి ఎప్పుడో తెలుసు. తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ జాతరలో వేషం కట్టినవాళ్లు ఎదురొచ్చినవాణ్ణి ఎంత పెద్దమనిషైనా సరే బూతులు తిడతారు, ఎవరూ తప్పుపట్టరు. దాక్కున్న పాలెగాణ్ణి బయటికి రప్పించడానికి అమ్మవారు వేషాలు మార్చి తిరిగిందన్నది కథ. కథ ఎలా ఉన్నా, పెద్దవాణ్ణి ముఖం మీదే అనగలిగేది ఏడాదికి ఆ ఒక్క వారమే. మిగతా 51 వారాలు మీ ఫ్యాక్టరీలో ఏం జరగాలన్నది మీరే ఏర్పాటు చేసుకోవాలి.

చెడ్డ వార్త మీ దగ్గరికి వచ్చినప్పుడు మీ నోటి నుంచి వచ్చే మొదటి మాట దగ్గర మొదలుపెట్టండి. ఈ ఒక్క విషయం నేను కొంచెం సాగదీసి చెబుతాను, ఎందుకంటే మిగతావన్నీ దీని వెనకే వస్తాయి.

రాత్రి షిఫ్ట్, రెండు దాటింది. తోతాపురి మామిడి నడుస్తోంది. పల్ప్‌ను వేడిచేసి క్రిములు చంపే స్టెరిలైజర్ దగ్గర ఆపరేటర్ చార్టు చూస్తే ఉష్ణోగ్రత గీత కొంచెంసేపు ఉండాల్సిన వేడి (సెట్ పాయింట్) కిందికి జారి మళ్లీ పైకి వచ్చినట్టుంది. అలా జారినప్పుడు పల్ప్ దానంతటదే వెనక్కి, బ్యాలెన్స్ ట్యాంకులోకి మళ్లాలి. మళ్లిందో లేదో అతనికి అనుమానం, అలా మళ్లించే వాల్వ్ సాయంత్రం నుంచీ మొరాయిస్తోంది. ఇప్పుడు అతని ముందు రెండు దారులు. డ్రమ్ములు నింపే ఫిల్లర్ ఆపి, అనుమానం ఉన్న డ్రమ్ములు పక్కన పెట్టించి ఇన్‌ఛార్జిని పిలవడం ఒకటి. ‘ఏమీ కాదులే’ అని రిజిస్టర్‌లో ఎప్పటి అంకెలే రాసేసి ఊరుకోవడం రెండోది. ఒక్కో డ్రమ్ములో 215 కిలోల పల్ప్ ఉంటుంది. తప్పు జరిగి ఉంటే ఆ సంగతి కొన్నాళ్లకు గోడౌన్‌లో డ్రమ్ముల్లోని పల్ప్ బ్యాగులు ఉబ్బినప్పుడు బయటపడుతుంది. అప్పటికి అది ఏ షిఫ్టో, ఏ నిమిషమో తేల్చడానికి తల ప్రాణం తోకకొస్తుంది.

అతను ఏ దారి పడతాడన్నది ఆ రాత్రి తేలేది కాదు. అంతకుముందు ఎప్పుడో అతనో, అతని పక్కవాడో ఏదో చెప్పడానికి వచ్చినప్పుడు ఇన్‌ఛార్జి ఏమన్నాడో అప్పుడే తేలిపోయి ఉంటుంది. ‘ఎవడు చేశాడు?’ అన్నది మొదటి మాటైతే ఆ వార్త చెవిన పడిన ప్రతి ఒక్కరికీ పాఠం అందినట్టే: చెబితే ఇరుక్కుంటాం, చెప్పకపోతే తప్పించుకోవచ్చు. అదే ‘ఎన్ని డ్రమ్ములు? ఎక్కడ పెట్టారు? మంచి పని చేశావు, పద చూద్దాం’ అంటే మరుసటి వారం నుంచి చిన్నచిన్నవి కూడా వచ్చి చెబుతారు. ఎవరు చేశారన్నది తెల్లారాక, టీ తాగాక కూడా అడగొచ్చు. అది ఎక్కడికీ పారిపోదు.

ఈ విషయంలో ఎమీ ఎడ్మండ్‌సన్ అనే పరిశోధకురాలి పని మీ జీఎం గారికి కూడా చెప్పదగ్గది. ఆమె 1990లలో ఆసుపత్రుల్లో నర్సుల బృందాల మీద మందుల విషయంలో జరిగే పొరపాట్లను పరిశీలించారు. బాగా కలిసి పనిచేసే బృందాల్లో పొరపాట్లు తక్కువుంటాయని ఆమె అనుకుంది. లెక్క తీస్తే మంచి నాయకత్వం ఉన్నచోటే ఎక్కువ కనబడ్డాయి. ఆరా తీస్తే తెలిసిందేమిటంటే, అక్కడ పొరపాట్లు ఎక్కువ జరగడంలేదు, జరిగినవి దాచకుండా చెబుతున్నారు. మిగతాచోట భయపడి నోరు మెదపడంలేదు. తర్వాత 1999లో ఆమె ఫ్యాక్టరీలో పనిచేసే బృందాలను కూడా చూసి ఇదే దారిలో ఇంకో పరిశోధన వెలువరించారు. మీ షిఫ్ట్‌లో రిజిస్టర్ శుభ్రంగా ఉంటే సంతోషపడకండి, ముందు అనుమానపడండి.

ఇక మీ గురించి మీరు తెలుసుకునే భాగం. నోట్‌బుక్ పెట్టుకోండి, ఫోన్‌లో అయినా ఫర్వాలేదు. షిఫ్ట్ దిగాక, గొంతు లేచిన సందర్భం ఒక్కటి రాయండి. ‘నాకెందుకు కోపం వచ్చింది’ అని మాత్రం రాయొద్దు. ఎందుకు అని అడిగితే మన మనసు ఎప్పుడూ మనకు అనుకూలమైన సాక్ష్యమే చెబుతుంది: వాడు సోమరి, వీడికి భయం లేదు అని. యూరిక్ పరిశోధనలోనూ తేలింది దాదాపు ఇదే, ‘ఎందుకు’ అని తవ్వుకునేవాళ్లకన్నా ‘ఏమిటి’ అని అడుక్కునేవాళ్లకు తమ గురించి ఎక్కువ అర్థమవుతోంది. కాబట్టి టైమెంత, ఎవరున్నారు, దానికి ముందు పది నిమిషాల్లో నాకేం జరిగింది, ఇంతే రాయండి. రెండు వారాలు గడిచాక వెనక్కి తిప్పి చూస్తే మీకే నవ్వొస్తుంది. ఒకాయన పుస్తకంలో అరుపులన్నీ భోజనానికి ముందే ఉన్నాయి. ఇంకొకాయనవి డిస్పాచ్ వాళ్ల ఫోన్ వచ్చిన వెంటనే. ఇద్దరూ అంతకుముందు ‘మనవాళ్లకు క్రమశిక్షణ లేదు’ అని నాతో వాదించినవాళ్లే.

పల్ప్ ఫ్యాక్టరీలో ఇంకో ప్రత్యేకమైన బాధ ఉంది, గేటు. సీజన్‌లో బయట ట్రాక్టర్లు, లారీలు వరసకట్టి ఉంటాయి. ధర పడిపోయిన ఏడాదైతే చెప్పనక్కర్లేదు. 2025లో తోతాపురి పరిస్థితి మీరూ చూసే ఉంటారు. ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలివ్వాలి, ప్రభుత్వం 4 కలుపుతుంది, మొత్తం 12 అని ప్రకటించాల్సి వచ్చింది. అప్పటికీ కాయ దించుకోవడానికి రైతులు లైన్లలోనే కాపు కాశారు. ఎండలో రాత్రింబవళ్లు బండి దగ్గరే ఉన్న రైతు గేటు దగ్గర కనబడ్డ ఇన్‌ఛార్జిని నాలుగు మాటలంటాడు. అతని కడుపుమంట అతనిది, అతణ్ణి ఏమీ అనలేం. ఆ వేడి అంతా మోసుకొచ్చి లోపల కాయ కోసే టేబుల్ దగ్గర ఒకావిడ మీద దించుతాం. ఆమెకు గేటు దగ్గరి గొడవ తెలియదు. ‘సార్‌కు నేనంటే పడదు’ అనుకుంటుంది. గేటు నుంచి నేరుగా లైన్ మీదికి వెళ్లకండి. చేతులు కడుక్కునే దగ్గర రెండు నిమిషాలు ఎక్కువసేపు నిలబడండి, ముఖం కడుక్కోండి. చిన్న సలహాలా ఉందని తీసిపారేయకండి.

మన ఆలస్యానికి కారణాలుంటాయి, ఎదుటివాడి ఆలస్యానికి వాడి గుణమే కారణం, ఇది మనిషన్నవాడికి ఉన్న జబ్బు. లీ రాస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1977లో దానికి శాస్త్రీయంగా పేరు కూడా పెట్టారు. పేరు గుర్తుపెట్టుకోనక్కర్లేదు. తవణంపల్లి నుంచి వచ్చే అమ్మాయి పది నిమిషాలు ఆలస్యమైతే, అడగకముందే తీర్పు చెప్పేస్తున్నామా లేదా అన్నది చూసుకుంటే చాలు.

కాయ కోసేది, ఏరేది ఎక్కువగా ఆడవాళ్లే. పండు సంగతి ముందు తెలిసేది కూడా వాళ్లకే. మాగబెట్టిన గదిలోంచి వచ్చిన లాటు సరిగ్గా మాగలేదనో, ఒక తోట కాయలో పురుగు ఎక్కువుందనో చేతికి తగలగానే వాళ్లకు తెలుస్తుంది. ల్యాబ్‌లో బ్రిక్స్ (తీపి కొలత) చూసి మీరు తెలుసుకునేది ఆ తర్వాత. కానీ ఆ మాట మీ దాకా వచ్చే దారిలో మేస్త్రీ ఉంటాడు. ఆమె మేస్త్రీకి చెబుతుంది. మేస్త్రీ ‘ఇప్పుడు సార్ మూడ్ బాలేదు’ అని కడుపులో పెట్టుకుంటాడు, లేదా సగం చెబుతాడు. మేస్త్రీని తప్పించి నేరుగా వెళ్తే అతనికి నామోషీ, రేపు మనుషుల్ని తగ్గించి తెస్తాడు. అందుకని అతన్ని వెంటబెట్టుకునే వెళ్లండి. షిఫ్ట్ దిగి బండి కోసం నిలబడి ఉంటారు చూడండి, ఆ సమయం మంచిది. ‘నా గురించి ఏమనుకుంటున్నారు’ అని మాత్రం అడగొద్దు, దానికి ఈ భూమ్మీద ఎవరూ జవాబు చెప్పరు. ‘ఏమీ లేదు సార్, బాగానే ఉంది సార్’ అంటారు. ‘అక్కా, ఈరోజు పనికి ఏది అడ్డం పడింది?’ అని అడగండి. కత్తులు మొద్దుబారాయని, మంచినీళ్ల క్యాన్ పదకొండుకే అయిపోయిందని చెబుతారు. వాటిలో ఒక్కటైనా మర్నాటికల్లా సరిచేసి చూపించండి. నీళ్ల క్యాన్ మాట విన్న మనిషికే తర్వాత ఎప్పుడో ‘సార్, మీరు నిన్న అందరి ముందర అలా అనకుండా ఉండాల్సింది’ అన్న మాట వస్తుంది. అందాకా ఓపిక పట్టాలి.

ఆ మాట వచ్చిన రోజున సంజాయిషీ ఇవ్వొద్దు. ‘నిజమేనక్కా’ అని ఊరుకోండి. అందరి ముందర అని ఉంటే ఆ మాటను వెనక్కి తీసుకోవడం కూడా అందరి ముందరే జరగాలి. పక్కకు పిలిచి సారీ చెబితే అది తిట్టు పడినావిడకు న్యాయం చేసినట్టు కాదు.

వేలూరు రోడ్డు వైపు నుంచి వచ్చేవాళ్లలో అరవం మాట్లాడేవాళ్లు ఉంటారు. మీకు అరవం వచ్చి ఉంటే రానట్టు నటించి వినకండి. ఎప్పుడో ఒకసారి తెలిసిపోతుంది, ఆ తర్వాత రెండు భాషల్లోనూ మీ ముందు మాట్లాడరు.

1955లో జోసెఫ్ లుఫ్ట్, హారింగ్టన్ ఇంగమ్ అనే ఇద్దరు ‘జోహారి కిటికీ’ అని ఒక బొమ్మ గీశారు, ట్రైనింగుల్లో ఇప్పటికీ చూపిస్తారు. నాలుగు గళ్లు. ఎదుటివాళ్లకు తెలిసి మీకు తెలియనిది ఒక గడిలో ఉంటుంది, ఇంతసేపూ చెప్పింది దాని గురించే. మీకు తెలిసి వాళ్లకు తెలియనిది ఇంకో గడి, అది తెరవాల్సింది మీరే. ఉదాహరణకు, మీరు కాయ కోత, గుజ్జు తీసే పల్పర్ వైపు నుంచి వచ్చారనుకుందాం, పల్ప్‌లో నీళ్లు ఆవిరి చేసి చిక్కబరిచే ఈవాపరేటర్ మీద మీకు అంత పట్టు ఉండదు. ఆ సంగతి అక్కడి పాత ఆపరేటర్‌కు మీకన్నా బాగా తెలుసు. తెలిసినట్టు నటిస్తే ఆయన లోలోపల నవ్వుకుంటాడు. ‘అన్నా, కాన్సన్‌ట్రేట్ 28 బ్రిక్స్ దగ్గర నిలబెట్టడంలో నీకున్న చెయ్యి నాకు లేదు, నాకు చూపించు’ అంటే మీ పరువేమీ పోదు. ఆయన మీకు నేర్పిస్తాడు, ఇంకోసారి మీరు చెప్పింది వింటాడు కూడా.

ఇప్పుడు స్నేహితుల సంగతి. మీకు అసలు నొప్పి ఇక్కడే ఉందని మీ ప్రశ్న చదివితే తెలుస్తోంది. పాత చనువు పాతలాగే ఉండాలని కోరుకోకండి, ఉండదు. అతని సెలవు మీద మీరు సంతకం పెడుతున్నారు, ఓటీ మీరు వేస్తున్నారు. ఇద్దరి మధ్యకీ అది వచ్చి కూర్చుంది. చాలామంది కొత్త ఇన్‌ఛార్జులు రెండు తప్పుల్లో ఒకటి చేస్తారు: స్నేహితుడు ఏమనుకుంటాడోనని మెత్తబడతారు, లేదా పక్షపాతం అంటారని అతనిమీదే అందరికన్నా ఎక్కువ కటువుగా ఉంటారు. రెండోది కూడా పక్షపాతమే.

ఒక్కసారి విడిగా కూర్చోండి, ఫ్యాక్టరీ బయట. ‘మచ్చా, ఓటీ, సెలవులు రిజిస్టర్ ప్రకారమే ఇస్తా, నీకూ అంతే. జాతరకు సెలవు అందరికీ కావాలి, ముందు అడిగినవాడికి ముందు. బయట మాత్రం మనం మనమే’ అని చెప్పేయండి. వారం రోజులు అలుగుతాడు, అలగనివ్వండి. మీరు మాట మీద నిలబడ్డారా లేదా అని చూసేది అతనొక్కడే కాదు, లైన్ అంతా చూస్తుంది. అతను ఉంగరంతోనో ఫోన్‌తోనో ఫిల్లింగ్ రూమ్‌లోకి వచ్చినప్పుడు మిగతావాళ్లకు ఏ వాక్యం చెబుతారో, ఏ గొంతుతో చెబుతారో, అదే అతనికీ. శుభ్రత నియమాల్లో సంబంధాల లెక్క ఉండదు. తలకు టోపీ లేకపోతే జీఎం గారినైనా ఆపాలి, ఒకసారి ఆపి చూడండి, ఆ కథ సీజన్ అంతా చెప్పుకుంటారు.

టీ దగ్గర మాటలు ఆగిపోవడం గురించి మాత్రం బెంగపెట్టుకోకండి. పైవాడి గురించి కాసేపు తిట్టుకోవడం పనిచేసేవాళ్ల హక్కు, మీరూ ఆరేళ్లు ఆ హక్కు వాడుకునే ఉంటారు. మీ టీ మీరు తాగి వచ్చేయండి.

కొత్త ఇన్‌ఛార్జికి అందరికన్నా ముందు దగ్గరయ్యేది చాడీలు మోసేవాడు. మాట రావడం ఆగిపోయిన చోట ఇతని మాట తీపిగా ఉంటుంది. ‘అతన్ని కూడా పిలుద్దాం, ముగ్గురం మాట్లాడదాం’ అనండి. రెండోసారి రాడు.

కోర్సుల గురించి అడిగారు కదా. తిరుపతిలో హోటల్ హాల్లో రెండు రోజుల ట్రైనింగ్ అంటే వెళ్లండి, భోజనం బాగుంటుంది, పదిమంది పరిచయమవుతారు. అంతకుమించి ఆశ పెట్టుకోవద్దు. పేరు రాయకుండా నింపమని ఫారాలు పంచే పద్ధతి కూడా నలభై మంది ఉన్న షిఫ్ట్‌లో పనిచెయ్యదు. ఎవరి చేతిరాత ఎవరిదో అందరికీ తెలుసు.

ఒక జాగ్రత్త చెప్పాలి. మీవాళ్ల మౌనానికి కారణం ప్రతిసారీ మీ ప్రవర్తనే కానక్కర్లేదు. కాంట్రాక్టర్ కూలి ఆలస్యంగా ఇస్తున్నాడేమో, పీఎఫ్ పడటంలేదేమో, ఓటీ గంటలు కోసేస్తున్నారేమో ముందు కనుక్కోండి. అలాంటిది ఉంటే మీరు ఎంత నెమ్మదిగా మాట్లాడినా ఎవరికీ చెవికెక్కదు. ఆ సంగతి జీఎం గారి దగ్గరికి, అవసరమైతే ఇంకా పైకి తీసుకెళ్లాలి. మీ పైవాళ్లకు మీరు చెడ్డ వార్త ఎలా చెబుతారో కూడా మీ షిఫ్ట్ గమనిస్తుంది. పై నుంచి అక్షింతలు పడగానే ‘మా ఆపరేటర్ చేశాడు సార్’ అని చెయ్యి చూపిస్తే ఇంతవరకూ చేసిందంతా బూడిదలో పోసినట్టే.

ఇదంతా మొదలుపెట్టిన నెలలో మీ డౌన్‌టైమ్ (లైన్ ఆగిన సమయం) రిజిస్టర్‌లో ఎంట్రీలు పెరుగుతాయి, పక్కన పెట్టిన డ్రమ్ముల సంఖ్యా పెరుగుతుంది. నెలాఖరు మీటింగ్‌లో మిగతా షిఫ్ట్‌ల పక్కన మీది అందరికన్నా అధ్వానంగా కనబడొచ్చు. అందుకే జీఎం గారికి ముందే చెప్పిపెట్టండి: ‘సార్, ఇవి ఇంతకుముందూ జరిగేవి, రాసేవాళ్లు లేరు. ఒక సీజన్ నాకు టైమివ్వండి, గోడౌన్ నుంచి వచ్చే ఫిర్యాదులతో పోల్చి చూద్దాం.’ ఆ స్నేహితుడితో మాట్లాడే పని మాత్రం తోతాపురి మొదటి లారీ గేటులోకి రాకముందే అయిపోవాలి. కాయ దిగడం మొదలయ్యాక మీ ఇద్దరికీ తీరిక ఉండదు.